సాంటొరిని వైనరీలకు బస్సులో వెళ్లాలంటే ఏ రూటు ఎవరికి నప్పుతుంది?

గ్రీస్‌లోని సాంటొరిని ద్వీపంలో వైన్ రుచి చూపించే వైనరీలు డజనుకు పైనే ఉన్నాయి. ప్లాన్ వేసుకునేవాళ్లు మామూలుగా ముందు పేర్లు ఏరుకుంటారు. సూర్యాస్తమయానికి ఒకటి, భూగర్భ గుహలో ఉన్నది ఒకటి, ద్రాక్షతోటల మధ్యలో ఇంకొకటి. తీరా మ్యాప్ తెరిస్తే ఆ మూడూ మూడు దిక్కుల్లో ఉంటాయి. కారు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. బస్సును నమ్ముకున్నవాళ్లకు మాత్రం సగం రోజు ద్వీపం ముఖ్య పట్టణమైన ఫిరా బస్టాండ్‌లోనే కరిగిపోతుంది. ద్వీపంలో తిరిగే కేటెల్ అనే ప్రజా రవాణా బస్సులన్నీ ఫిరా నుంచే బయల్దేరి ఫిరాకే తిరిగొస్తాయి మరి. కమారి నుంచి పెరిస్సాకు, ఈయా నుంచి పిర్గోస్‌కు నేరుగా బస్సు దొరకదు. ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఫిరాలో దిగి మారాల్సిందే.

అందుకని ముందు బస్సు రూటు తేల్చుకోండి, ఆ రూటు మీద ఉన్న వైనరీల్లోంచి రెండింటిని ఎంచుకోండి. ఒక పూటకు ఒక రూటు, రెండు వైనరీలు. మూడోది ఇరికించాలని చూస్తే రెండో దగ్గర హడావిడి, మూడో దగ్గర ఆలస్యం తప్పవు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదట చూడాల్సింది స్టాప్ నుంచి గేటు దాకా నడక. కిలోమీటరు పెద్ద దూరమేం కాదు. కానీ ఇక్కడి రోడ్లకు చాలాచోట్ల ఫుట్‌పాత్ లేదు, చెట్టు నీడ అసలే లేదు. జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో ఆ కిలోమీటరే రెండింతలుగా అనిపిస్తుంది. పైగా వెళ్లేటప్పుడు దిగుడైతే వచ్చేటప్పుడు ఎక్కుడు, అదీ వైన్ తాగాక.

తర్వాత తిరుగు బస్సు. వెళ్లడం ఎప్పుడూ తేలికే. ఫిరాలో బస్సు ఖాళీగా బయల్దేరుతుంది కనుక సీటు దొరుకుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మీరు నిలబడేది మధ్య స్టాప్‌లో. బస్సు చివరి స్టాప్‌లోనే నిండిపోయి ఉంటే ఆగకుండా సాగిపోతుంది. బస్సులో వైనరీ యాత్ర బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే.

మూడోది, మీకు కావాల్సింది దృశ్యమా, వైనా? కాల్డెరా (అగ్నిపర్వతం కుంగిన చోట సముద్రం నిండిన పెద్ద గుంట) అంచున కూర్చుంటే ఆ అంచుకూ కలిపి డబ్బు కడతారు. తోటల మధ్య ఉన్న వైనరీల్లో అదే ఖర్చుకు వైన్ గురించి ఎక్కువ చెబుతారు, పాత సీసాలు తెరుస్తారు. రెండూ ఒకే చోట దొరుకుతాయని ఆశపడొద్దు.

బుకింగ్, ఖర్చు ఆ తర్వాత. టేస్టింగ్ మనిషికి సాధారణంగా 20 నుంచి 50 యూరోల మధ్య ఉంటుంది. ఎన్ని రకాలు పోస్తారు, పక్కన తినడానికి ఏం పెడతారు అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. బస్సు టికెట్ రెండు, రెండున్నర యూరోల దగ్గర ఉంటుంది కాబట్టి రవాణా ఖర్చు లెక్కలోకే రాదు.

బస్సు సంగతులు

ఫిరా బస్టాండ్ ఊరి ప్రధాన కూడలికి కాస్త దక్షిణాన ఉంటుంది. చిన్న స్థలం, పెద్ద గుంపు. బస్సులు సిటీ బస్సుల్లా కాకుండా దూరప్రయాణాల కోచ్‌ల్లా ఉంటాయి. ఏ బస్సు ఎటు పోతుందో అద్దం మీద బోర్డు పెడతారు, సిబ్బంది కేకేసి చెబుతారు కూడా. టికెట్ బస్సు ఎక్కాక కండక్టర్ ఇస్తాడు. చిల్లర నోట్లు, నాణేలు దగ్గర ఉంచుకోండి, 50 యూరోల నోటు చాపితే మొహం చిట్లిస్తారు. ఎక్కేటప్పుడే వైనరీ పేరు చెప్పి అక్కడ దింపమనండి. ఊరి పేరు కంటే వైనరీ పేరే బాగా గుర్తుపడతారు.

టైంటేబుల్ రోజురోజుకూ మారే వస్తువు. వేసవిలో ఈయా, కమారి, పెరిస్సాలకు అరగంటకు అటూ ఇటూగా బస్సులుంటాయి. అక్రోతిరికి అంతకంటే తక్కువ. అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా సర్వీసులు బాగా తగ్గుతాయి, వైనరీలు కూడా కొన్ని మూసేస్తాయి, కొన్ని ముందుగా చెప్పిన వాళ్లకే తెరుస్తాయి. వెళ్లే రోజు పొద్దున బస్టాండ్‌లో అతికించిన టైంటేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అందులో ఉండేవి ఫిరా నుంచి, చివరి ఊరి నుంచి బయల్దేరే వేళలు. మధ్య స్టాప్‌కు ఎన్నింటికి వస్తుందో అందులో ఉండదు, మీరే లెక్కేసుకోవాలి. ఉదాహరణకు పెరిస్సా నుంచి 4 గంటలకు బయల్దేరిన బస్సు మెగలోహోరికి పదీ పదిహేను నిమిషాల్లో వస్తుంది. అంటే మీరు నాలుగింటికే రోడ్డు మీద ఉండాలి.

ఇంకో చిక్కు. ఫిరాకు తిరిగి వెళ్లే వైపు స్టాప్‌కు కొన్నిచోట్ల బోర్డు ఉండదు. దిగిన చోటికి ఎదురుగా, రోడ్డుకు అవతల, డ్రైవర్‌కు దూరం నుంచి కనపడేలా నిలబడి చెయ్యెత్తాలి. మలుపు దాటిన వెంటనే నిలబడితే అతను చూసేలోపు బస్సు దాటిపోతుంది.

మూడు రూట్లు పక్కపక్కన

| | మెగలోహోరి వైపు | కమారి వైపు | ఈయా వైపు |
|---|---|---|---|
| ఎక్కాల్సిన బస్సు | పెరిస్సా లేదా అక్రోతిరి | కమారి | ఈయా |
| బస్సులో సమయం | 15–20 నిమిషాలు | 15–20 నిమిషాలు | 25–30 నిమిషాలు |
| ముఖ్యమైన వైనరీలు | సాంటో వైన్స్, వెనెట్సానోస్, గవలాస్ | వైన్ మ్యూజియం, అర్గిరోస్, రూసోస్ | సిగలాస్ |
| స్టాప్ నుంచి నడక | చాలా తక్కువ | మ్యూజియానికి దాదాపు లేదు, మిగతావాటికి కొంత | అరగంట దాకా |
| కాల్డెరా దృశ్యం | ఉంది | లేదు | వైనరీ నుంచి లేదు |
| తిరుగు బస్సు | రెండు రూట్లవి దొరుకుతాయి | కమారికి వెళ్లి ఎక్కితే సులువు | సూర్యాస్తమయం తర్వాత కష్టం |
| ఎవరికి | మొదటిసారి వచ్చినవాళ్లకు | వైన్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు, ఎండ పడనివాళ్లకు | ఈయాలో బస చేసినవాళ్లకు |

మెగలోహోరి వైపు: బస్సు వాళ్లకు అన్నిటికంటే అనువైనది

పెరిస్సా బస్సు, అక్రోతిరి బస్సు ఫిరా నుంచి మెగలోహోరి దాకా ఒకే రోడ్డు మీద నడుస్తాయి. మెసారియా, పిర్గోస్ కూడలి, సాంటో వైన్స్, వెనెట్సానోస్, మెగలోహోరి, ఇదీ వరస. ఆ తర్వాతే రెండూ చెరో దారి పడతాయి. కాబట్టి ఈ ముక్క మీద ఉన్న వైనరీలకు రెండు రూట్ల బస్సులూ పనికొస్తాయి. పెరిస్సా బీచ్ నుంచి నిండుగా వచ్చిన బస్సు ఆగకపోయినా వెనకాల అక్రోతిరి బస్సు మీద ఆశ ఉంటుంది. మిగతా రెండు రూట్లకు ఈ వెసులుబాటు లేదు.

సాంటో వైన్స్ ముందే బస్సు ఆగుతుంది. 1947లో మొదలైన రైతుల సహకార సంఘం ఇది, ద్వీపంలో అన్నిటికంటే పెద్దది. కాల్డెరా అంచున విశాలమైన టెర్రస్, వందల కుర్చీలు. క్రూయిజ్ షిప్పుల టూర్ బస్సులు ఇక్కడికే వస్తాయి కాబట్టి మధ్యాహ్నం నుంచి రద్దీ. సూర్యాస్తమయం వేళ ముందు వరస టేబుల్ కావాలంటే చాలా రోజుల ముందే బుక్ చేసుకోవాలి, ఆ వేళ ధర కూడా వేరుగా ఉంటుంది. వైన్ బాగానే ఉంటుంది గానీ, పోసేవాళ్లతో తీరిగ్గా మాట్లాడటం కుదరదు. ఒక లాభం మాత్రం ఉంది. బుకింగ్ లేకుండా వెళ్లినా, పొద్దున్న పూటైతే ఎక్కడో ఒక చోట కూర్చోబెడతారు. దుకాణంలో ఫావా పప్పు, టమాటా పేస్ట్ వంటి ద్వీపం సరుకులు కూడా దొరుకుతాయి.

అక్కడి నుంచి దక్షిణానికి పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే వెనెట్సానోస్. రోడ్డు పక్కన బాట సరిగా లేదు. ఎదురుగా వచ్చే వాహనాలు కనపడేలా ఎడమ వైపు నడవండి. ఇక్కడ ట్రాఫిక్ కుడి వైపున సాగుతుంది, మన అలవాటుకు రివర్సు. ఇద్దరి కంటే ఎక్కువ మంది ఉంటే వరసగా, ఒకరి వెనక ఒకరు. నడవడం ఇష్టం లేకపోతే తర్వాతి బస్సెక్కి ఒక్క స్టాప్ తర్వాత దిగొచ్చు.

వెనెట్సానోస్ కూడా 1947 నాటిదే. అథినియోస్ రేవుకు సరిగ్గా పైన, కొండ చరియకు అతుక్కుని నాలుగు అంతస్తుల్లో ఉంటుంది. కరెంటు ఆసరా లేని రోజుల్లో ద్రాక్ష పై అంతస్తులో చేరి, రసం తన బరువుతో తానే కింది తొట్లలోకి దిగేలా కట్టారు. పాత గొట్టాలు, తొట్లు ఇప్పటికీ చూపిస్తారు. గైడెడ్ టూర్ తీసుకుంటే ఆ ఇంజనీరింగ్ అర్థమవుతుంది, ఉత్త టేస్టింగ్‌కు కూర్చుంటే దృశ్యమే మిగులుతుంది. సాంటోతో పోలిస్తే టేబుళ్లు తక్కువ, కాస్త ప్రశాంతం. రెండూ కాల్డెరా దృశ్యాలే కనుక రెంటిలో ఒక్కటి చాలు. ఒక్కటే చూడాలంటే వెనెట్సానోస్ మేలు.

రెండోదానికి మెగలోహోరి ఊళ్లోని గవలాస్‌కు వెళ్లండి. రోడ్డు మీద దిగి తెల్లటి సందుల్లో కొద్ది నిమిషాలు నడిస్తే వస్తుంది. కుటుంబం నడిపే పాత కనావా, అంటే ఇక్కడి గుహలాంటి వైన్ గది. కత్సానో అనే అరుదైన తెల్ల ద్రాక్షతో చేసిన వైన్ ఇక్కడ దొరుకుతుంది. ద్వీపంలోనే ఎక్కువ మంది పండించని రకం అది. దృశ్యం ఏమీ లేదు, చిన్న వాకిలి అంతే. వెనెట్సానోస్‌లో కళ్లు నిండాక ఇక్కడ నాలుక మీద శ్రద్ధ పెట్టొచ్చు. ఈ జంటే ఈ రూటుకు సరైన ఎంపిక.

పిర్గోస్ దగ్గరి హాట్జిడాకిస్ వైన్ మీద పట్టున్నవాళ్లు వెతుక్కుంటూ వెళ్లే చోటు. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోకుండా పోవద్దు.

అథినియోస్ రేవు దగ్గరే కదా, ఫెర్రీ ఎక్కబోయే ముందు సూట్‌కేసులతో వెనెట్సానోస్‌లో ఒక గంట గడుపుదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మానుకోండి. రేవుకు దిగే రోడ్డు మలుపుల మీద మలుపులు, నడిచే దారి కాదు. ఫెర్రీ వేళకు రేవు బస్సులు ఫిరా నుంచే నిండి వస్తాయి, మధ్యలో సామానుతో ఎక్కించుకుంటారన్న భరోసా లేదు.

కమారి వైపు: వైన్ కోసం వచ్చినవాళ్లకు

కమారి బస్సు వోథోనాస్ దగ్గర కౌట్సోయానోపౌలోస్ వైన్ మ్యూజియం ముందు నుంచే పోతుంది. పేరు చెప్పడం కష్టమైతే కండక్టర్‌తో "వైన్ మ్యూజియం" అంటే చాలు. నేలకు ఎనిమిది మీటర్ల లోతులో, దాదాపు 300 మీటర్ల పొడవున్న వంకర టింకర సొరంగం ఇది. 1660 నుంచి 1970 దాకా ఇక్కడి రైతు ద్రాక్ష ఎలా పండించాడో, ఎలా తొక్కాడో బొమ్మలతో చూపిస్తారు. చెవికి పెట్టుకునే ఆడియో గైడ్ ఇస్తారు, చివర్లో టేస్టింగ్ ఉంటుంది. బొమ్మలు కాస్త పాతకాలపు ఎగ్జిబిషన్ ధోరణిలో ఉన్నా, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంత చల్లటి చోటు ద్వీపంలో మరొకటి దొరకడం కష్టం. పిల్లలతో వచ్చినవాళ్లకు, వైన్ తాగని మనిషి తోడున్నవాళ్లకు ఇదే సరైనది, ఎందుకంటే తాగకపోయినా చూడటానికి ఏదో ఉంటుంది. మిగతా వైనరీల్లో తాగనివాళ్లకు మంచినీళ్లే దిక్కు.

ఇదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకెళ్తే ఎపిస్కోపి గోనియా. అక్కడ 1903లో మొదలైన అర్గిరోస్ ఎస్టేట్, 1836 నాటి కనావా రూసోస్ ఉన్నాయి. మ్యూజియం నుంచి నడవాలంటే రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ. తర్వాతి కమారి బస్సు పట్టుకుని దిగడమే తెలివైన పని. స్టాప్ నుంచి తోటల మధ్య కొంచెం నడక ఉంటుంది, ఫోన్ మ్యాప్ చూసుకుంటూ వెళ్లండి.

అర్గిరోస్‌లో భవనం కొత్తది, తీరు ప్రొఫెషనల్‌గా ఉంటుంది. వరసగా అసిర్టికోలు (ద్వీపంలోని ముఖ్యమైన తెల్ల ద్రాక్షతో చేసే వైన్లు) పోసి, ఒక్కో దానికి తేడా ఏమిటో చెబుతారు. ఏళ్ల తరబడి పీపాల్లో ముగ్గిన విన్సాంటో తీపి వైన్‌కు వీళ్లకు పెద్ద పేరు. అది ఉన్న టేస్టింగ్‌నే ఎంచుకోండి, కొన్ని యూరోలు ఎక్కువైనా సరే. రూసోస్ దీనికి పూర్తిగా ఎదురు. వాకిట్లో చెట్లు, పాత తొట్లు, తొందర లేని మనుషులు. కొత్త పద్ధతుల అసిర్టికో రుచికి అలవాటు పడినవాళ్లకు ఇక్కడి పాతకాలపు వైన్లు మోటుగా అనిపించవచ్చు. వాతావరణం మాత్రం బాగుంటుంది.

బస్సు లెక్కలో కలపకూడనివి మూడు. ఒకటి గాయా. కమారి, మోనోలిథోస్ బీచుల నడుమ సముద్రపు ఒడ్డున, పాత టమాటా ఫ్యాక్టరీలో ఉంటుంది. 1994లో మొదలైన ఈ వైనరీ థలాసిటిస్ అనే అసిర్టికోతో పేరు తెచ్చుకుంది. దానికోసం కమారి నుంచి టాక్సీ పెట్టుకోవడమే మంచిది. మిగతా రెండూ ఎక్సో గోనియా ఊళ్లోని కరామోలెగోస్, ఆర్ట్ స్పేస్. కమారి రోడ్డు నుంచి పైకి ఎక్కాలి. చలికాలంలో పరవాలేదు గానీ వేసవిలో కాదు.

తిరుగు ప్రయాణానికి ఇక్కడో కిటుకు ఉంది. మధ్య స్టాప్‌లో నిలబడి ఫిరా బస్సు కోసం ఎదురుచూడకండి. అవతలి వైపు కమారి వెళ్లే బస్సెక్కి బీచ్ దగ్గర దిగండి. నల్ల ఇసుక మీద గంట కూర్చుని, ఏదైనా తిని, బస్సు మొదలయ్యే చోట సీటు పట్టుకుని ఫిరాకు రండి. అదనంగా అయ్యేది ఒక చిన్న టికెట్ ఖర్చు.

ఈయా వైపు: అక్కడే బస చేసినవాళ్లకు మాత్రమే

సిగలాస్ 1991లో మొదలైంది, ద్వీపం ఉత్తరాన ఈయా కింద బాక్సెడెస్ మైదానంలో ఉంటుంది. తోట పక్కనే పందిరి కింద టేబుళ్లు, వంటకాలతో జతచేసిన టేస్టింగ్. భోజనం, వైన్ రెండూ కలిసి కావాలంటే ద్వీపంలో మంచి చోట్లలో ఒకటి. మావ్రోట్రగానో అనే నల్ల ద్రాక్ష కనుమరుగు కాకుండా నిలబెట్టినవాళ్లలో వీళ్లూ ఉన్నారు కాబట్టి రెడ్ వైన్ ఇష్టపడేవాళ్లు ఆ సీసా గురించి అడగండి.

అడ్డంకి దారే. ఈయా బస్టాండ్ నుంచి దిగుడు రోడ్డులో అరగంట, తిరిగి ఎక్కుడు అంతకంటే ఎక్కువ. ఈయాలోనే బస చేస్తే ఇది సమస్య కాదు, హోటల్ వాళ్లతో టాక్సీ పిలిపించుకోవచ్చు. ఫిరా నుంచి వచ్చేవాళ్లకు మాత్రం రానూపోనూ బస్సు గంట, నడక గంట, వెరసి ఒక్క వైనరీకి రెండు గంటలు దారిలోనే పోతాయి. ఇంకా పెద్ద తప్పు, సిగలాస్‌లో సాయంత్రం గడిపి ఈయాలో సూర్యాస్తమయం చూసి బస్సెక్కుదామనుకోవడం. జూన్ చివర్లో ఇక్కడ సూర్యుడు రాత్రి 8.30 దాటాక అస్తమిస్తాడు. ఆ క్షణం నుంచి ద్వీపం మీదున్న పర్యాటకులంతా ఒకే క్యూలో నిలబడినట్టు ఉంటుంది బస్టాండ్. అయితే మధ్యాహ్నం భోజనానికి వెళ్లి అయిదింటికల్లా బయటపడండి, లేదా ఈయాలోనే రాత్రి భోజనం చేసి, చివరి బస్సు ఎన్నింటికో ముందే చూసుకుని, క్యూ తగ్గాక ఎక్కండి.

వోర్వూలోస్ దగ్గరి వస్సాల్టిస్ మ్యాప్‌లో ఈయా దారిలో ఉన్నట్టే కనిపిస్తుంది. బస్సు ఇమెరోవిగ్లి మీదుగా పైరోడ్డున పోతుంది కాబట్టి ఆ లెక్క కుదరదు. ఫిరా నుంచి టాక్సీకి దగ్గరే.

బస్సు, టాక్సీ, టూర్, అద్దె బండి

అద్దె బండి సంగతి ముందు తేల్చేద్దాం. టేస్టింగ్‌లో ఒక్కో రకం దాదాపు 50 మిల్లీలీటర్లు పోస్తారనుకోండి. ఆరు రకాలంటే 300 మిల్లీలీటర్లు. ఇక్కడి వైట్ వైన్లు 14 శాతం దగ్గర ఉంటాయి, అంటే 42 మిల్లీలీటర్ల ఆల్కహాల్, బరువులో 33 గ్రాములు. రెండు వైనరీలైతే దీనికి రెట్టింపు, అంటే సీసాలో అయిదింట నాలుగు వంతులు ఒక్కరే తాగినట్టు. గ్రీస్‌లో డ్రైవర్ రక్తంలో లీటరుకు 0.5 గ్రాములు దాటకూడదు. మోటార్‌సైకిల్ నడిపేవాళ్లకు, కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లకు 0.2 మాత్రమే. ఇండియా లైసెన్స్‌తో నడపాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా చేతిలో ఉండాలి. ఒకరు అసలు తాగకుండా ఉంటేనే అద్దె కారు పనికొస్తుంది. అలాంటివాళ్లు మీ గుంపులో ఉంటే మాత్రం అది బస్సు కంటే మెరుగే.

టాక్సీలు ద్వీపంలో బాగా తక్కువ, సీజన్‌లో రోడ్డు మీద ఆపితే దొరకవు. ఊరికీ ఊరికీ మధ్య కొద్ది దూరాలకే 20 యూరోలు దాటడం మామూలే. అయినా పూర్తిగా వదిలేయకండి. వెళ్లేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు వైనరీ వాళ్లతో ఫోన్ చేయించి టాక్సీ అన్నది ఇద్దరు ముగ్గురికి చక్కటి మధ్యేమార్గం. టేస్టింగ్ మొదలవగానే పిలవమని చెప్పండి, ముగిశాక చెబితే ముప్పావు గంట కుర్చీలో ఎదురుచూడాల్సి వస్తుంది.

చిన్న గుంపుల వైన్ టూర్‌లో నాలుగు గంటల్లో మూడు వైనరీలు తిప్పుతారు, హోటల్ దగ్గర ఎక్కించుకుని అక్కడే దింపుతారు. మనిషికి 100 యూరోలు తేలిగ్గా దాటుతుంది. బస్సులో రెండు వైనరీలకు టేస్టింగులతో కలిపి 50 నుంచి 90 యూరోలు అవుతాయనుకుంటే, తేడా అనుకున్నంత పెద్దదేం కాదు. ద్వీపంలో ఒక్క రోజే ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వచ్చినవాళ్లు, బస్సు కోసం ఎండలో నిలబడటమంటే చిరాకుపడేవాళ్లు టూరే తీసుకోవాలి. ఎక్కడ ఎంతసేపు కూర్చోవాలో సొంతంగా నిర్ణయించుకోవాలనుకునే వాళ్లకు బస్సు. క్రూయిజ్‌లో వచ్చి అయిదారు గంటలే ఉన్నవాళ్లకు బస్సు వద్దే వద్దు. ఓడ దిగాక ఫిరాకు ఎక్కే కేబుల్ కార్ క్యూకే చాలా సమయం పోతుంది.

ఒక పూట ఎలా నడుస్తుందంటే

మెగలోహోరి రూటు తీసుకుందాం. పొద్దున్న పదింటికి కడుపునిండా తినండి. ఖాళీ కడుపుతో అసిర్టికో తాగితే దాని పులుపు నేరుగా గుండెల్లో మంట పెడుతుంది. వెనెట్సానోస్ తెరిచే వేళ చూసుకుని పదకొండు, పన్నెండు మధ్య మొదటి బుకింగ్ పెట్టుకోండి. అప్పటికింకా షిప్పుల గుంపులు వచ్చి ఉండవు. ఫిరాలో బుకింగ్‌కు 45 నిమిషాల ముందు బస్సెక్కితే ఒక బస్సు తప్పినా ఇబ్బంది లేదు. గంటన్నర అక్కడ. మెగలోహోరికి ఇరవై నిమిషాల నడక లేదా బస్సు. ఊళ్లో ఏదైనా హోటల్లో భోజనం, రెండున్నరకు గవలాస్. నాలుగింటికల్లా రోడ్డు మీదికి వచ్చేయండి. అయిదు దాటితే బీచ్ గుంపు మొదలవుతుంది. రెండు బుకింగ్‌ల నడుమ కనీసం రెండున్నర గంటల ఎడం ఉండాలి, బస్సు ఆలస్యం అందులోనే కలిసిపోతుంది.

ఆగస్టులో వెళ్తే కోత జరుగుతూ ఉంటుంది. కొన్ని వైనరీల్లో ఎండలో పరిచిన ద్రాక్షగుత్తులు కనిపిస్తాయి. విన్సాంటోకు పన్నెండు, పద్నాలుగు రోజులు అలా వడలబెట్టి, తర్వాత రసం తీసి, కనీసం రెండేళ్లు పీపాల్లో ఉంచుతారు. బస్సు కిటికీలోంచి తోటలు చూస్తూ వెళ్లేవాళ్లు చాలామంది వాటిని బీడు భూములనుకుంటారు. పందిళ్లు ఉండవు మరి. గాలికి, ఎండకు తట్టుకోవడానికి తీగను నేల మీదే గుండ్రంగా, మేదరి బుట్ట అల్లినట్టు చుడతారు, గుత్తులు లోపలి వైపు దాగి ఉంటాయి. దగ్గరికెళ్లి వంగి చూస్తేనే అది ద్రాక్ష అని తెలుస్తుంది.

టేస్టింగ్ మెనూలో మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే ఎంపిక తేలికవుతుంది. మామూలు అసిర్టికో పీపా తగలనిది, పుల్లగా, ఉప్పగాలి వాసనతో ఉంటుంది. నిక్టెరి బాగా పండిన ద్రాక్షతో చేసి కొన్నాళ్లు పీపాలో ఉంచినది, ఆల్కహాల్ ఎక్కువ, కనీసం 13.5 శాతం ఉండాలి. విన్సాంటో తీపి, చివర్లో తాగాలి. నాలుగు గ్లాసుల సెట్ చాలు, ఆరింటిలో అయిదోది వచ్చేసరికి నాలుక మొద్దుబారుతుంది. ఉమ్మడానికి పెట్టిన పాత్ర అలంకారానికి కాదు. దాన్ని వాడితే ఎవరూ తప్పుగా అనుకోరు, రెండో వైనరీలో రుచి తెలియాలంటే వాడాలి కూడా.

శాకాహారులకు ఇక్కడ ఇబ్బంది తక్కువ. ఫావా మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టం. టమాటా వడలు, తెల్ల వంకాయ, మేక పాల జున్ను (చీజ్) దొరుకుతాయి. కాకపోతే వైన్‌తో ఇచ్చే పళ్లెంలో ఎండబెట్టిన మాంసం ముక్కలు జున్ను పక్కనే పెట్టేస్తారు. బుక్ చేసేటప్పుడే శాకాహారం అని రాయండి, కూర్చున్నాక ఇంకోసారి చెప్పండి. గుడ్డు, చేప మాంసం కిందికి రావనుకునేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఏవి వద్దో పేరుపేరునా చెప్పడం మంచిది.

సీసాలు కొనాలనిపిస్తే రెండో వైనరీలో కొనండి, మొదటి దాని నుంచి మోసుకు తిరగకండి. ఎండలో బస్టాప్ దగ్గర పెట్టిన సంచిలో వైన్ గంటలో వేడెక్కిపోతుంది. ఇండియాకు తీసుకెళ్లేవాళ్లకు సుంకం లేని హద్దు మనిషికి రెండు లీటర్లు. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు, విన్సాంటో చాలావరకు 500 మిల్లీలీటర్ల సీసాల్లో వస్తుంది. రెండు అసిర్టికోలు, ఒక విన్సాంటో తీసుకుంటే సరిగ్గా రెండు లీటర్లు. అమెరికాలో ఉండేవాళ్లకు సుంకం లేనిది ఒక్క లీటరే. సీసాలు చేతి సంచిలో విమానం ఎక్కనివ్వరు. సూట్‌కేసు మధ్యలో, ఒక్కో సీసాను ప్లాస్టిక్ సంచిలో ముడేసి, బట్టల్లో చుట్టి, మరో సీసాకు తగలకుండా పెట్టండి.